షేవింగ్ సబ్బులో హెంప్ నూనె, సీబీడీ: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

ముందే చెప్పేస్తాను. హెంప్ అంటే మత్తు బాగా తక్కువుండే గంజాయి రకం, సీబీడీ ఆ మొక్క పూతలోంచి తీసే కన్నాబిడయోల్ అనే పదార్థం. షేవింగ్ సబ్బు డబ్బా మీద సీబీడీ అని రాసి ఉందని ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి. హెంప్ గింజల నూనె ఉంటే ఉండనివ్వండి, నష్టమేమీ లేదు, కానీ దానికోసం ప్రత్యేకంగా వెతుక్కుంటూ పోనక్కర్లేదు. గడ్డం గీసుకున్నాక మొహం మండుతోంది, మెడ దగ్గర పొక్కులొస్తున్నాయి, ఈ నూనెల వల్ల ఏమైనా ఉపశమనం ఉంటుందా అని అడిగేవాళ్లకు మాత్రం నా దగ్గర వేరే సలహా ఉంది. దానికి సబ్బుతో సంబంధం లేదు, నురుగు కడిగేశాక చేసే పని అది. ఆ మాట తర్వాత చెప్తాను.

ఈ పిచ్చి నాకు ఎలా పట్టిందంటే, పోయినేడాది డాలస్‌లో మా బావమరిది ఇంట్లో నెల రోజులున్నాను. వాడికి షేవింగ్ అంటే ఒక యజ్ఞం. స్నానాల గది అలమరాలో పన్నెండు సబ్బు డబ్బాలు, నాలుగు బ్రష్షులు. అందులో ఒక డబ్బా మూత మీద ఐదు వేళ్ల ఆకు బొమ్మ, కింద సీబీడీ 100 మిల్లీగ్రాములు అని. "బావా, ఇది వాడి చూడు, మొహం వెన్నలా ఉంటుంది" అన్నాడు. మిగతా సబ్బుల కంటే అది దాదాపు రెట్టింపు ధరట. వాడాను. బాగానే ఉంది. నురుగు చిక్కగా వచ్చింది, బ్లేడు జారింది. అయితే పక్కనే ఉన్న మామూలు డబ్బా కూడా అచ్చం అలాగే ఉంది. ఆ రెట్టింపు ధర దేనికి అన్న ప్రశ్న అక్కడ మొదలై, హైదరాబాద్ తిరిగొచ్చాక నేనే ఇంట్లో సబ్బు వండుకునేదాకా వచ్చింది. మా ఆవిడ దీన్ని ఇంకా క్షమించలేదు, ఎందుకంటే వాడింది ఆవిడ స్టీలు గిన్నె.

ముందు ఈ పేర్ల గొడవ తేల్చుకుందాం

హెంప్ అనే మాటకు తెలుగులో తిన్నగా అతికే మాట లేదు. ఆన్‌లైన్ షాపింగ్ సైట్లలో తెలుగు పెట్టి చూస్తే "జనపనార విత్తన నూనె" అని కనిపిస్తుంటుంది. జనపనార అంటే మన గోనె సంచులు నేసే నార. శ్రీకాకుళం, విజయనగరం వైపు పండించే గోగునార ఇంకొకటి, పొలానికి పచ్చిరొట్టగా వేసే జనుము మరొకటి. ఈ మూడింటికీ హెంప్‌కీ చుట్టరికం లేదు. హెంప్ అంటే గంజాయి మొక్కే, కన్నాబిస్ సటైవా. అందులో మత్తెక్కించే టీహెచ్‌సీ బాగా తక్కువగా ఉండే రకాలకు ఆ పేరు. అమెరికా 2018 వ్యవసాయ చట్టం ఎండు బరువులో 0.3 శాతం టీహెచ్‌సీ దాటకపోతే దాన్ని హెంప్ అనమంది. అప్పటినుంచే అక్కడ సబ్బుల నుంచి కుక్క బిస్కట్ల దాకా అన్నింటి మీదా ఆ ఆకు బొమ్మ ఎక్కింది.

ఒకే మొక్క నుంచి రెండు వేరు వేరు సరుకులు వస్తాయి, తికమకంతా ఇక్కడే. గింజల్ని గానుగ పట్టినట్టు నొక్కితే వచ్చేది హెంప్ గింజల నూనె. నువ్వుల నూనె ఎలాంటిదో ఇదీ అలాంటిదే, తినే నూనె, ఆకుపచ్చగా ఉంటుంది, కాస్త పచ్చి వాసన. గింజ లోపల సీబీడీ ఉండదు, పొట్టుకు బంక అంటుకుని వస్తే ఆనవాళ్లు కనిపిస్తాయంతే. సీబీడీ ఉండేది పూతలో, పూత దగ్గరి చిన్నాకుల మీద మెరిసే సన్నటి జిగురు గ్రంథుల్లో. దాన్ని వేరే ద్రావకాలతో పిండి, శుద్ధి చేసి తీస్తారు. ఒకటి వంటింటి సరుకు, రెండోది ల్యాబ్ సరుకు. ఆకు బొమ్మ వేసి "హెంప్ ఆయిల్" అని మాత్రమే రాసి, రెండోదేదో ఉందనిపించేలా మొదటిదాన్ని అమ్మడం బాగా నడుస్తున్న వ్యాపారం.

డబ్బా వెనక్కి తిప్పండి. కన్నాబిస్ సటైవా సీడ్ ఆయిల్ అని ఉంటే అది గింజల నూనె. సోడియం హెంప్‌సీడేట్ అన్నా ఆ నూనె నుంచి వచ్చిన సబ్బే. కన్నాబిడయోల్ అని విడిగా రాసి, పక్కన మిల్లీగ్రాములు ఇస్తేనే సీబీడీ. ఈ పదం లేకుండా ముందువైపు ఎంత పెద్ద ఆకు ఉన్నా అది బొమ్మే.

మన దేశంలో కొనేవాళ్లకు చట్టం సంగతి కూడా తెలియాలి, ఎందుకంటే గంజాయి మాట వింటేనే మనకు విశాఖ మన్యం వార్తలూ, చెక్‌పోస్టులూ గుర్తొస్తాయి. 1985 ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మన మత్తుమందుల చట్టం, గంజాయి అని చెప్పేది మొక్క పూత తలలను. వాటితో కలవని గింజలూ ఆకులూ ఆ నిర్వచనంలోకి రావు. 2021 నవంబర్‌లో మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ హెంప్ గింజల్నీ, వాటి నూనెనూ ఆహార పదార్థాలుగా గుర్తించింది, నూనెలో టీహెచ్‌సీ కిలోకు 10 మిల్లీగ్రాములు మించకూడదని షరతు పెట్టింది. కాబట్టి గింజల నూనె సీసా కొనుక్కుంటే టెన్షన్ పడాల్సిందేమీ లేదు. సీబీడీ కథ వేరు. ఇక్కడ అది ఎక్కువగా ఆయుర్వేదంలో విజయ అనే పేరుతో, ఆయుష్ లైసెన్సు కింద, వైద్యుడి చీటీతో అమ్ముతారు. విదేశాల నుంచి సీబీడీ డబ్బా సూట్‌కేసులో పెట్టుకుని రావడం మాత్రం వద్దు. మా బావమరిది సంక్రాంతికి వస్తూ నాకో డబ్బా తెస్తానన్నాడు, దుబాయ్ మీదుగా. వద్దురా నాయనా అన్నాను. అమెరికాలో మందుల షాపులో దొరికేది గల్ఫ్‌లో, సింగపూర్‌లో కేసవుతుంది, హాంకాంగ్ 2023 ఫిబ్రవరి 1 నుంచి సీబీడీని పూర్తిగా నిషేధించింది. గడ్డం సబ్బు కోసం విమానాశ్రయంలో పోలీసులకు రసాయన శాస్త్రం పాఠం చెప్పే ఓపిక నాకు లేదు.

సబ్బయ్యాక నూనె నూనెగా ఉండదు

అసలు విషయం ఇది. నూనెకు కాస్టిక్ సోడా గానీ కాస్టిక్ పొటాష్ గానీ కలిపి వండితే అది సబ్బుగా, గ్లిజరిన్‌గా మారిపోతుంది. పాలు తోడేశాక పెరుగులో పాలెక్కడున్నాయని వెతకం కదా, ఇదీ అంతే. హెంప్ నూనెకు ఎన్ని గుణాలున్నాయని చెప్పినా, సబ్బులో అది దాదాపు మొత్తం నూనెగా మిగలదు. మిగిలేది, తయారీదారు కావాలని కాస్టిక్ కాస్త తగ్గించి వేసినందువల్ల సబ్బు కాకుండా ఉండిపోయిన మూడు నుంచి ఐదు శాతం కొవ్వు. అది కూడా హెంప్ ఒక్కటే కాదు, వేసిన నూనెలన్నీ కలిసి.

లెక్క వేసి చూద్దాం. వంద గ్రాముల సబ్బులో అరవై గ్రాములు కొవ్వులనుకోండి, మిగతాది నీళ్లు, కాస్టిక్, గ్లిజరిన్. ఆ అరవైలో ఐదు శాతం హెంప్ వేస్తే మూడు గ్రాములు. అందులో ఐదు శాతం సబ్బు కాకుండా మిగిలితే గ్రాములో ఏడో వంతు. ఇది డబ్బా మొత్తానికి. మీరు ఒకసారి గడ్డం గీసుకోవడానికి బ్రష్షు మీదకు తీసేది గ్రాము, గ్రామున్నర. అంటే మొహానికి తగిలే హెంప్ నూనె ఒకటి రెండు మిల్లీగ్రాములు, అదీ నురుగులో కలిసి, మూడు నిమిషాల్లో సింకులోకి పోయేది. తలుపు బందుకు ఒక చుక్క వేసినా ఇంతకంటే ఎక్కువే పడుతుంది.

సరే, సబ్బుగా మారిన హెంప్ నూనె సంగతేంటి? షేవింగ్ సబ్బుకు, ఒంటి సబ్బుకు తేడా ఇక్కడే తెలుస్తుంది. ఒంటి సబ్బుకు నురుగొచ్చి పోతే చాలు. షేవింగ్ సబ్బు నురుగు మాత్రం ఐదు నిమిషాలు మొహం మీద కూలిపోకుండా నిలబడాలి, తడి పట్టుకోవాలి, బ్లేడుకీ చర్మానికీ మధ్య జారుడుగా ఉండాలి. ఆ పని చేసేది కొవ్వుల్లో ఉండే స్టియరిక్ యాసిడ్, దానికి తోడు పామిటిక్ యాసిడ్. మంచి షేవింగ్ సబ్బుల కొవ్వులో సగం దాకా ఇవే ఉంటాయి. పొటాష్ ఎక్కువగా, సోడా తక్కువగా కలిపి వండితే సబ్బు మెత్తగా ఉండి నీళ్లు బాగా తాగుతుంది. పాతిక శాతం దాకా కొబ్బరి నూనె గబగబా నురుగిస్తుంది, కొంచెం ఆముదం ఆ నురుగును జారుడుగా చేస్తుంది. హెంప్ గింజల నూనెలో స్టియరిక్ రెండు మూడు శాతం, పామిటిక్ ఆరు శాతం దగ్గర. సగానికి పైగా లినోలెయిక్, ఇంకో పదిహేను ఇరవై శాతం ఆల్ఫా లినోలెనిక్ అనే వేరే కొవ్వు ఆమ్లాలు. తినడానికి ఇవి చాలా మంచివి. సబ్బులో మాత్రం ఇవి మెత్తగా, పల్చగా, నీరసమైన నురుగుగా మారతాయి. ఐదు శాతం వేస్తే తేడా తెలియదు, ఇరవై శాతం వేస్తే నురుగు బ్రష్షు మీద బ్రహ్మాండంగా కనిపించి చెంప మీదకొచ్చేసరికి చల్లారిన కాఫీ మీద నురగలా చప్పబడిపోతుంది.

ఇది పుస్తకాల్లో చదివి ఊరుకోలేదు. రెండు చిన్న విడతలు వండాను. రెండింట్లోనూ సగం స్టియరిక్, పావు వంతు కొబ్బరి, పదిహేను శాతం కోకమ్ బటర్, అంటే కోకమ్ గింజల కొవ్వు. మిగిలిన పదిలో ఒకదానికి ఆముదం, రెండోదానికి హెంప్. ఇలా మార్చేవాళ్లు కాస్టిక్ లెక్క మళ్లీ వేసుకోవాలి, ప్రతి నూనెకు పట్టే కాస్టిక్ వేరు. కళ్లజోడు, చేతి తొడుగులు లేకుండా ఈ పనికి దిగకండి, కాస్టిక్‌ను నీళ్లలో పోయాలి గానీ నీళ్లను కాస్టిక్ మీద ఎప్పుడూ పోయకూడదు. రెండూ ఒకేలాంటి స్టీలు డబ్బాల్లో పోసి, ఏది ఏదో నాకు చెప్పకుండా అడుగున గుర్తు పెట్టమని మా ఆవిడకు ఇచ్చాను. హెంప్‌ది కాస్త పచ్చగా ఉంటుంది కాబట్టి చూసి పట్టేస్తానని, రెండింట్లోనూ చిటికెడు ఆకుపచ్చ బంకమట్టి కలిపాను. మూడు వారాలు ఎడమ చెంపకు ఒకటి, కుడి చెంపకు ఒకటి. ఎక్కువ జారుడుగా ఉన్నది హెంప్ అయ్యుంటుందని పందెం కాశాను. తీరా అడుగు తిప్పి చూస్తే అది ఆముదం. గీసుకున్నాక చర్మం పట్టేసినట్టుండటంలో రెండు చెంపలకీ నాకు తేడా తెలియలేదు. ఒక్కడి గడ్డం మీద చేసిన పరీక్ష ఇది, దీన్ని శాస్త్రం అనను, కానీ డబ్బాకు పెట్టేది మన జేబులోంచే కాబట్టి మన చెంప మాట కూడా వినాలి కదా.

అసలు తేడా నాలుగో నెలలో బయటపడింది. హెంప్ డబ్బాలో అక్కడక్కడా నారింజ రంగు చుక్కలు లేచాయి. మూత తీస్తే, సంక్రాంతికి చేసిన చేగోడీల డబ్బా శివరాత్రి దాటాక తెరిచినట్టు పాత నూనె వాసన. లినోలెయిక్, లినోలెనిక్ ఎక్కువున్న నూనెలకు గాలి, వేడి, వెలుతురు పడవు, త్వరగా చెడతాయి. హెంప్ గింజల నూనె సీసాను ఫ్రిజ్‌లో పెట్టుకోమనేది అందుకే. దాన్ని తీసుకెళ్లి మే నెలలో హైదరాబాద్ బాత్రూములో పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పేరున్న తయారీదారులు విటమిన్ ఇ, రోజ్‌మేరీ సారం, సిట్రేట్లు కలిపి దీన్ని కొంత ఆపుతారు, ఇంట్లో వండి అమ్మే చిన్నవాళ్లు అందరూ కలపరు. ఆముదం డబ్బా మాత్రం ఇవాళ్టికీ నిక్షేపంలా ఉంది.

సీబీడీకి పెట్టే డబ్బు సింకులోకి పోతుంది

సీబీడీ అంటే ఉత్తుత్తిదని నేను అనను. అరుదైన మూర్ఛ జబ్బులకు సీబీడీతో చేసిన నోటి మందు ఎపిడియోలెక్స్‌ను అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో ఆమోదించింది, అది నిజమైన మందు. చర్మం విషయంలోనూ పరిశోధన ఉంది. చర్మంలో జిడ్డు తయారుచేసే గ్రంథుల కణాలను ల్యాబ్‌లో పెంచి సీబీడీ పెట్టి చూస్తే జిడ్డు ఉత్పత్తి తగ్గిందని, వాపు లక్షణాలు తగ్గాయని 2014లో ఒక అధ్యయనం వచ్చింది. సీబీడీ సౌందర్య సాధనాలు అమ్మేవాళ్లలో చాలామంది చూపించేది దీన్నే. అయితే అక్కడ కణాలు గంటలు, రోజులు సీబీడీలో నానాయి. మీ గడ్డం నురుగులో నానేది మూడు నిమిషాలు.

మా బావమరిది డబ్బాను వంటింటి త్రాసు మీద పెట్టి తూచాను. పది షేవింగులకు పన్నెండు గ్రాములు తగ్గింది, అంటే సారికి గ్రాముకు కాస్త పైన. డబ్బా 120 గ్రాములు, సీబీడీ 100 మిల్లీగ్రాములు. వంద షేవింగులు, సారికి ఒక మిల్లీగ్రాము. అందులో సగం బ్రష్షులోనే ఉండిపోతుంది, మిగిలింది బ్లేడుతో ఊడ్చేస్తాం, ఇంకా ఏమైనా ఉంటే చల్లటి నీళ్లతో కడిగేస్తాం. పైగా సీబీడీ నూనెలో కరిగేది, నీళ్లలో కరగదు. సబ్బు అంటేనే నూనెల్ని పట్టుకుని నీళ్లతో పాటు లాక్కెళ్లిపోయే వస్తువు. జిడ్డు గిన్నెలో వేసిన విమ్ పొడి, గిన్నె మీద జిడ్డు వదిలిపెట్టి పోతుందా?

ఇంకో చిక్కు ఉంది, దాన్ని ఎవరూ డబ్బా మీద రాయరు. సీబీడీకీ క్షారానికీ పడదు. గంజాయి సరుకును గుర్తుపట్టడానికి పూర్వం వాడిన బీమ్ పరీక్ష అని ఒకటుంది. ఆల్కహాల్‌లో కలిపిన కాస్టిక్ పొటాష్‌ను సరుకు సారానికి తగిలిస్తే ఊదా రంగొస్తుంది. ఆ రంగు తెప్పించేది సీబీడీయే, క్షారంలో గాలి తగిలి అది వేరే పదార్థంగా మారిపోతూ ఇచ్చే రంగు అది. షేవింగ్ సబ్బు వండేది ఆ కాస్టిక్ పొటాష్‌తోనే. తెలివైన తయారీదారు సబ్బు పూర్తిగా వండాక, చల్లారేటప్పుడు చివర్లో సీబీడీ కలుపుతాడు, అప్పుడు నష్టం తక్కువ. అయినా తయారైన సబ్బు కూడా పీహెచ్ 9, 10 దగ్గర ఉండే క్షారమే, డబ్బా మూత రోజూ తీస్తూ ఉంటాం, గాలి తగులుతూనే ఉంటుంది.

డబ్బా మీద రాసిన అంకెను నమ్మొచ్చా అంటే, 2022లో అమెరికాలో ఒంటికి రాసుకునే సీబీడీ సరుకులు 105 కొని పరీక్షించిన అధ్యయనం ఒకటి జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మోతాదు రాసి ఉన్న 89లో లేబులుకు సరిపోయినవి 21. తమాషా ఏంటంటే సగానికి పైగా సరుకుల్లో రాసినదానికంటే ఎక్కువే ఉంది, మనం అనుకునే మోసానికి ఇది తిరగేసిన మోసం. మొత్తం 105లో 37 సరుకుల్లో టీహెచ్‌సీ కూడా కనిపించింది. కడిగేసే సబ్బుతో మత్తేమీ ఎక్కదు గానీ, డబ్బా చేత్తో పట్టుకుని దేశాలు దాటేవాళ్లకు ఆ 37 అనే అంకె చిన్నది కాదు.

మరి ఎవరు ఏది తీసుకోవాలి

రోజూ గీసుకునేవాళ్లు, చర్మం మామూలుగా ఉండి పెద్ద ఇబ్బంది లేనివాళ్లు ఈ చర్చ మొత్తం వదిలేసి, పదార్థాల జాబితాలో మొదటి మూడు పేర్లు చూడండి. స్టియరిక్ యాసిడ్ గానీ పొటాషియం స్టియరేట్ గానీ ముందు వరసలో ఉండాలి. గ్లిజరిన్ దగ్గర్లో ఉండాలి. హెంప్ నూనె పదో స్థానంలో, సువాసన తర్వాత ఉంటే అది లేబులు కోసం వేసిందే. శాకాహారులు సోడియం టాలోవేట్ అనే పేరు కూడా గమనించుకోండి, అది జంతువుల కొవ్వు. పాతకాలం విదేశీ సబ్బుల్లో ఎక్కువ, షేవింగ్‌కు నిజంగా బాగుంటుంది కూడా, కానీ తెలిసి వాడాలి.

సబ్బులో "చర్మానికి మంచిది" ఏదైనా కావాలనుకునేవాళ్లకు హెంప్ కంటే షియా బటర్, కోకమ్ బటర్, లానోలిన్ (గొర్రె ఉన్ని జిడ్డు) నయం. కోకమ్‌లో సగానికి పైగా స్టియరిక్కే కాబట్టి అది నురుగుకూ పనికొస్తుంది, మనదేశపు పశ్చిమ కనుమల సరుకు, హెంప్ నూనెతో పోలిస్తే చెడిపోదు. ఇక మన ఆముదం గురించి చెప్పక్కర్లేదు, ధర చూసినా పనితనం చూసినా నా ఓటు దానికే. హెంప్ నూనె కొబ్బరి నూనెకు కొన్ని రెట్ల ధర పలుకుతుంది, ఆ డబ్బుకు తగ్గ పనిని సబ్బులో చేయలేదు.

పొడి చర్మం, గీసుకోగానే మొహం లాగేసినట్టుండేవాళ్లు సబ్బు కంటే ముందు నీళ్లను అనుమానించండి. ఇది నేను ఆలస్యంగా తెలుసుకున్న సంగతి. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు, గీజరు రాడ్ మీద తెల్లటి పెచ్చులు కట్టే నీళ్లు. ఆ ఉప్పు నీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిసి తెల్లటి పొరలా చర్మానికి అంటుకుంటుంది, నురుగును మింగేస్తుంది. డాలస్‌లో వెన్నలా ఉన్న సబ్బే ఇక్కడ సున్నంలా అనిపించడానికి కారణం అది. ఒక గ్లాసుడు ఆర్‌ఓ నీళ్లు వేడి చేసుకుని బ్రష్షుకు అవే వాడి చూడండి, చవక రకం గుండ్రటి సబ్బు కూడా వెయ్యి రూపాయల డబ్బాలా నురగలు కక్కుతుంది. సీబీడీ డబ్బాకు పెట్టే డబ్బుతో మంచి బ్రష్షు ఒకటి వస్తుంది, ఇంకా బ్లేడ్లు కూడా వస్తాయి. మా నాన్నగారు అల్యూమినియం మగ్గులో వేడి నీళ్లు పెట్టుకుని, ముందు రెండు నిమిషాలు మొహం తడుపుతూ కూర్చునేవారు. వెంట్రుకను మెత్తబరిచేది ఆ నీళ్లే, ఏ నూనే కాదు.

మెడ దగ్గర పొక్కులు, లోపలికి తిరిగే వెంట్రుకలు ఉన్నవాళ్ల సమస్య సబ్బు మార్చితే తీరదు. వెంట్రుక వాలుకు ఎదురు గీయడం మానాలి, ఒకే చోట నాలుగుసార్లు లాగడం మానాలి, బ్లేడు సమయానికి మార్చాలి. ఎన్నాళ్లకీ తగ్గకపోతే చర్మ డాక్టరుకు చూపించుకోవాలి, సీబీడీ డబ్బా కొని మూడు నెలలు ఆగితే మచ్చలు మిగులుతాయి.

హెంప్ నూనె మీద నిజంగా మనసు పడ్డవాళ్లకు నేను మొదట్లో చెప్తానన్న మాట ఇది. సబ్బు ఏదైనా వాడండి. కడుక్కోండి, పటిక ముక్క రుద్దే అలవాటుంటే రుద్ది, నిమిషం ఆగి మళ్లీ కడుక్కోండి. మొహం ఇంకా కొంచెం తడిగా ఉండగానే ఫ్రిజ్‌లోంచి తీసిన హెంప్ గింజల నూనె రెండు చుక్కలు అరచేతుల్లో రాసుకుని మొహానికి అద్దండి. రెండే చుక్కలు, మూడో చుక్కకు మొహం జిడ్డోడుతుంది. ఇది కడిగేసేది కాదు కాబట్టి చర్మం మీద ఉంటుంది, తేమను పట్టి ఉంచుతుంది. వంద మిల్లీలీటర్ల సీసా ఇలా వాడితే నెలల తరబడి వస్తుంది, అసలు చెడిపోయేలోపు అయిపోదు, అందుకని చిన్న సీసాయే కొనండి. వారం రోజులు మోచేతి లోపలి వైపు రాసి చూసి, దురదేమీ లేకపోతేనే మొహానికి. నువ్వుల నూనెతో కూడా దాదాపు ఇదే పని అవుతుందని మా అమ్మ అంటుంది, వాదించే ధైర్యం నాకు లేదు. గీసుకునే ముందు మాత్రం నూనె రాయొద్దు. నూనె నురుగును చంపేస్తుంది, కాట్రిడ్జ్ రేజరైతే వెంట్రుకలన్నీ జిడ్డుతో కలిసి బ్లేడ్ల మధ్య ఇరుక్కుంటాయి.

అమెరికాలో ఉంటూ సీబీడీయే కావాలనుకునేవాళ్లు కూడా ఇదే దారి పట్టండి, సబ్బులో కాకుండా గీసుకున్నాక రాసుకునే బామ్ రూపంలో కొనండి, ఆ విడతకు ల్యాబ్ పరీక్ష పత్రం చూపించే దుకాణంలో. అప్పుడైనా అది చర్మం మీద నాలుగు గంటలుంటుంది. పనిచేస్తుందని నేను హామీ ఇవ్వడం లేదు, కనీసం సింకుకు రాయడం ఆగుతుంది అంటున్నాను.

ఇప్పటికే హెంప్ సబ్బు డబ్బా కొనేసి ఉంటే బాధపడకండి, పారేయకండి. పైన చెప్పినట్టు ఐదు శాతం లోపు వేసిన సబ్బు మామూలు సబ్బంత బాగానే పనిచేస్తుంది. వాడాక మూత వెంటనే బిగించకుండా కాసేపు ఆరనివ్వండి, ఆ తర్వాత మూసి ఎండ, గీజరు వేడి తగలని చోట పెట్టండి. పన్నెండు డబ్బాలు వరసగా తిప్పి వాడే మా బావమరిదిలా కాకుండా దాన్ని ఒక్కదాన్నే రోజూ వాడి మూడు నాలుగు నెలల్లో అవగొట్టండి. నారింజ చుక్క ఒకటి కనిపిస్తే అక్కడి వరకు చెంచాతో గీరేసి వాడుకోవచ్చు, డబ్బా మొత్తం చేగోడీల వాసనొస్తే మాత్రం ఇక బట్టల సబ్బే. నా హెంప్ విడతతో రెండు నెలల పాటు కాళ్లు తుడుచుకునే పట్టలు ఉతికాం.